కడప నుంచి కర్నూలుకు నలభై ఒక్క నిమిషాలు

సోమవారం పొద్దున రంగనాథ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా నల్లగండ్లలో స్కూటర్ తీయాలి, రద్దీ ముదరకముందే మాదాపూర్ చేరాలి, భార్య అశ్విని కట్టిచ్చిన బొరుగుల ఉగ్గాణీ బజ్జీలూ ఎవరూ రాకముందే తినేయాలి. ఆ డబ్బా మూత తీస్తే చాలు, ఆఫీసులో మిగతా పదముగ్గురూ చెంచాలు పట్టుకుని చుట్టూ చేరతారు. అందుకే ముందుగా వచ్చాడు, మూత తీశాడు, ఒక బజ్జీ కొరికాడు కూడా. అంతలో లోపలి గదిలోంచి కంపెనీ యజమాని విశ్వేశ్వరరావు పిలిచాడు. ఆయన ఆ రోజు అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

కంపెనీ చిన్నది. సైబర్ టవర్స్ వెనక సందులో కింద బేకరీ, పైన లేడీస్ హాస్టల్, మధ్య అంతస్తులో వీళ్లు. వీళ్లు నడిపే వెబ్‌సైటు పేరు ‘దూరమెంత’. ఏ రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టినా వాటి మధ్య దూరం ఎంత, విమానంలో ఎంతసేపు పడుతుంది అన్నది క్షణంలో చెబుతుంది. ఆ ప్రోగ్రామ్ రాసింది రంగనాథే. భూగోళం మీద ఆ రెండు చోట్ల మధ్య ఒక గీత గీసి, దాన్ని విమానం వేగంతో భాగించి, ఎగరడానికీ దిగడానికీ కాసిని నిమిషాలు కలిపేస్తుంది. ఆ గీత మీద నిజంగా విమానం తిరుగుతోందా లేదా అన్నది దానికి పట్టదు. ఒకప్పుడు పేజీ అడుగున ‘నేరుగా విమానం ఉందో లేదో కనుక్కోండి’ అని ఒక ముక్క ఉండేది. ఫోన్లో చూస్తే అది మూడు లైన్లుగా విరిగి అసహ్యంగా కనిపిస్తోందని, కిందటేడు రంగనాథే తీసేశాడు.

విశ్వేశ్వరరావుది భీమవరం దగ్గర పల్లెటూరు. మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఒక్కటే లోపం. ఎదుటివాళ్లు సగం వాక్యం చెప్పేసరికి మిగతా సగం ఆయనే పూర్తి చేసుకుని, దాని మీద పని మొదలుపెట్టేస్తాడు.

ఆ రోజు ఆయన హుషారుగా ఉన్నాడు. కర్నూలులో తిమ్మప్ప అని ముప్పై రెండు బస్సుల యజమాని ఒకాయన ఉన్నాడు. ఆ బస్సులకు టికెట్ల వెబ్‌సైటు చేసిపెట్టే పని వీళ్లకు వచ్చేలా ఉంది. వస్తే కంపెనీ నిలబడుతుంది. రాకపోతే దసరాకల్లా ఈ అంతస్తు ఖాళీ చేయాలి. ఆ సంగతి పద్నాలుగు మందికీ తెలుసు. తిమ్మప్ప ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నాడు. అదే ఆదివారం పొద్దున కడపలో విశ్వేశ్వరరావు స్నేహితుడి కూతురి పెళ్లి. రెండూ ఎలా కుదురుతాయా అని రాత్రంతా ఆలోచించిన ఆయనకు పొద్దున్నే సొంత వెబ్‌సైటే దారి చూపించింది. కడప నుంచి కర్నూలుకు నూట యాభై కిలోమీటర్లు, నలభై ఒక్క నిమిషాలు.

పెళ్లి భోజనం చేసి విమానం ఎక్కితే, తాంబూలం నమిలేలోపు కర్నూలులో దిగొచ్చు అన్నాడు ఆయన. మన సొమ్ము మనమే తినకపోతే ఇంకెవరు తింటారయ్యా అని కూడా అన్నాడు. టికెట్ తీయమని కళ్యాణికి అప్పటికే చెప్పేశానని, తిమ్మప్పకు పని వివరించడానికి రంగనాథ్ కూడా తనతో రావాలని చెప్పాడు.

రంగనాథ్ బయటికి వచ్చేసరికి డబ్బాలో ఉగ్గాణి అడుగంటింది. డబ్బా పక్కన కళ్యాణి నిలబడి ఉంది. సిద్దిపేట అమ్మాయి. ఆఫీసులో టికెట్లు, తాళాలు, టీలు, హాజరు అన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి.

"అన్నా, గా విమానం యాడుంది? మన సైట్ల ఉంది గని ఆకాశంల లేదు," అంది.

నాలుగు చోట్ల వెతికాననీ, ఎక్కడా లేదనీ చెప్పింది. రంగనాథ్ గొంతు తగ్గించి సంగతంతా వివరించాడు. అది గీత. లెక్క. ఆ రెండు ఊళ్ల మధ్య విమానం ఏ రోజూ లేదు.

"గా లెక్క మీద సార్‌ను ఎట్ల కూసోవెట్టాలె?" అని అడిగిందామె.

లోపలికెళ్లి ఆమెనే చెప్పమన్నాడు. ప్రోగ్రామ్ రాసింది తను కాదని, కావాలంటే టీ పంపిస్తానని, తాగుతూ చెప్పుకోమని కళ్యాణి అంది. దాంతో రంగనాథే వెళ్లాల్సి వచ్చింది.

రంగనాథ్‌ది ప్రొద్దుటూరు. తల్లి బడిపంతులమ్మ. చిన్నప్పుడు ఒక్క అబద్ధానికి ఆమె వందసార్లు ‘నిజమే చెబుతాను’ అని రాయించింది. అప్పటినుంచి అతని నోటికి అబద్ధం రాదు. అయితే చేదు మాట చెప్పడానికి ధైర్యమూ రాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడంతో అతని నోట్లోంచి నిజాలు చిన్న చిన్న ముక్కలుగా వస్తాయి.

విశ్వేశ్వరరావు ఫోన్లో ఉన్నాడు. ఏమిటన్నట్టు కనుబొమలెత్తాడు.

"సార్, ఆ విమానంలో సీట్లు లేవు," అన్నాడు రంగనాథ్.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. విమానమే లేనప్పుడు సీట్లు ఎక్కడినుంచి వస్తాయి? ఆ రెండో ముక్క చెప్పడానికి అతను గాలి పీల్చుకున్నాడు. ఆలోపు, తమ సైటు చూపించిన విమానానికి అంత గిరాకీ ఉందా అని విశ్వేశ్వరరావు మొహం వెలిగిపోయింది. "ఫుల్లా?" అని, ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని, "విన్నారా అండీ తిమ్మప్పగారూ, కడప-కర్నూలు ఫ్లైటు వారం ముందే నిండిపోయిందంట," అన్నాడు.

కర్నూలులో తిమ్మప్పకు ఆ మాట సూటిగా తగిలింది.

ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. ఒక్క బస్సుతో, తానే డ్రైవరుగా మొదలుపెట్టిన మనిషి. అయిదేళ్ల కిందట మోకాళ్లు మొరాయించడంతో రోజువారీ వ్యవహారం మేనల్లుడు సురేంద్రకు అప్పజెప్పి ఇంటి పట్టున ఉంటున్నాడు. రెండేళ్లుగా కడప లైనులో జనం తగ్గిపోతున్నారు. ఎందుకని అడిగినప్పుడల్లా సురేంద్ర ఒక కారణం చెబుతూ వచ్చాడు. వానలు అన్నాడు, ఎండలు అన్నాడు, పరీక్షలు అన్నాడు, పెళ్లిళ్లు ఉన్నాయన్నాడు, మూఢం వచ్చి పెళ్లిళ్లు లేవన్నాడు. ఈమధ్య అతనికి కారణాలు నిండుకున్నాయి. సరిగ్గా అప్పుడు మేనమామ ఫోన్ చేసి, కడప జనం విమానమెక్కి పోతున్నారంట నిజమేనా అని అడిగాడు.

సురేంద్ర రెండు క్షణాలు ఆలోచించాడు. ఇంత మంచి కారణం తనంతట తనకు ఏ జన్మలోనూ తట్టేది కాదు.

"నేనెప్పుట్నించో అదే చెప్దామనుకుంటాండా మామా. రోజూ పన్నెండున్నరకు ఓర్వకల్లులో దిగుతాది. నిండుకు నిండు జనం," అన్నాడు.

తిమ్మప్ప ఎప్పుడూ ఓర్వకల్లు విమానాశ్రయం దాకా వెళ్లలేదు. ఊరికి దూరం, పైగా తనకు అక్కడ పనేమీ లేదు. బెంగళూరికి విమానం ఉందంటే కడపకు మాత్రం ఎందుకుండదని అనుకున్నాడు. ఇద్దరు చెప్పారు, ఒకరు కంప్యూటర్లున్న మనిషి, ఇంకొకరు సొంత మేనల్లుడు. అయినా తన జనాన్ని ఎత్తుకుపోతున్న ఆ విమానాన్ని ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. సాయంత్రం విశ్వేశ్వరరావుకు మళ్లీ ఫోన్ చేశాడు. తానే కడప వస్తాననీ, పెళ్లిలో కలుసుకుని ఇద్దరూ కలిసి అదే విమానంలో కర్నూలు వెళ్దామనీ, తనకూ ఒక సీటు చూడమనీ అడిగాడు. సురేంద్రకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

అలా లేని సీట్లు ఒకటి నుంచి రెండయ్యాయి. రంగనాథ్‌ను కూడా కలిపితే మూడు.

మంగళవారం విశ్వేశ్వరరావు కళ్యాణిని పిలిచి, సీట్లు లేకపోతే వెయిటింగ్ లిస్టులో పెట్టమన్నాడు. కళ్యాణి "చూస్తున్న సార్" అంది. నిజంగానే చూస్తోంది, రంగనాథ్ వైపు. ఆ రోజు నాలుగుసార్లు అతను లోపలికెళ్లి, నాలుగుసార్లు వేరే విషయం మాట్లాడి వచ్చాడు. ఒకసారి ఏసీ సంగతి, రెండుసార్లు ప్రింటరు సంగతి, ఒకసారి ఊరికే.

ఇంట్లో అశ్విని అంతా విని, దీన్లో భయపడాల్సిందేముంది, రేపు పొద్దున టీ తాగేటప్పుడు చెప్పేయండి అంది. అతనూ ఒప్పుకున్నాడు. బుధవారం టీ వచ్చింది. విశ్వేశ్వరరావే ముందు మాట్లాడాడు.

"వెయిటింగ్ లిస్టులో మన ముందు ఎంతమంది ఉన్నారయ్యా?"

"మన ముందు ఎవరూ లేరు సార్."

"అయితే ఖాయమే," అని విశ్వేశ్వరరావు బిస్కెట్ టీలో ముంచాడు.

ఇంతలో ఇంకో తమాషా జరిగింది. ఆ కడప-కర్నూలు పేజీని మామూలుగా నెలకు ముగ్గురో నలుగురో చూసేవారు. విమానం కబురు బస్సుల దాకా పాకడంతో, తిమ్మప్ప దగ్గర పనిచేసే డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు తమ ఉద్యోగాలకు ఎసరు పెడుతున్న విమానం ఎంతసేపట్లో వెళ్తుందో చూడ్డానికి ఎగబడ్డారు. వాళ్ల ఇళ్లల్లో వాళ్లూ చూశారు. మాదాపూర్ ఆఫీసులో పద్నాలుగు మందీ, ఈ గొడవ ఎందాకా వచ్చిందోనని గంటకోసారి తెరిచి చూశారు. గురువారానికి చూసినవాళ్ల సంఖ్య రెండు వేలు దాటింది. విశ్వేశ్వరరావు ఆ గ్రాఫును రంగుల్లో ప్రింటు తీయించి, డిమాండ్ అంటే ఇదీ అని తిమ్మప్పకు పంపాడు. దాన్ని చూసి తిమ్మప్ప ఆ నెలలో కొందామనుకున్న రెండు కొత్త బస్సులు ఆపేశాడు.

ఆ సంగతి సాయంత్రానికి రంగనాథ్‌కు తెలిసింది. ముసలాయన బతుకు పెట్టి కట్టిన వ్యాపారాన్ని తన గీత ఒకటి తినేస్తోంది. ఇక ఆగకూడదనుకుని శుక్రవారం గట్టిగా నిశ్చయించుకుని వెళ్లాడు. విశ్వేశ్వరరావు సెలవులో ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం విశ్వేశ్వరరావు, రంగనాథ్ కంపెనీ కారులో కడప బయల్దేరారు. నడిపేది మొగిలి, జనగామ మనిషి. జడ్చర్ల దాటాక టీకి ఆగినప్పుడు, విశ్వేశ్వరరావు చేతులు కడుక్కోవడానికి వెళ్లిన రెండు నిమిషాల్లో రంగనాథ్ మొదటిసారి మొత్తం నిజాన్ని ఒక్క ఊపిరిలో ఒకరికి చెప్పాడు. మొగిలి గ్లాసు కింద పెట్టి సావధానంగా విన్నాడు.

"ఇప్పుడే చెప్పురి సార్. ఇప్పుడైతే ఒక్కల ముంగట తిట్లు వడ్తయి, రేపైతే పెండ్లి మొత్తం ముంగట వడ్తయి," అన్నాడు.

సబబుగానే ఉందనిపించింది. కానీ అప్పటికే ఆయన తిరిగి వచ్చేశాడు. కారెక్కగానే నిద్రపోయాడు. పొద్దున టిఫిన్ దగ్గర చెప్పేద్దామని రంగనాథ్ ఆ పనిని ఇంకొక్కసారి వాయిదా వేశాడు. ఎలాగూ కారు ఉంది. చెప్పగానే తిట్లు తిని, కారెక్కితే నాలుగు గంటల్లో కర్నూలు.

ఆదివారం పొద్దున అతను స్నానం చేసి వచ్చేసరికి కారు లేదు. తాము విమానం దిగేసరికి అక్కడ కారు సిద్ధంగా ఉండాలని విశ్వేశ్వరరావు ఆరింటికే మొగిలిని ఓర్వకల్లుకు పంపేశాడు. వెళ్లే ముందు మొగిలి ఏదో చెప్పబోయాడట. ‘దారి తెలుసులేవయ్యా’ అని ఆయన పంపించేశాడట. తిమ్మప్ప కూడా తన కారును అలాగే వెనక్కి పంపి, పట్టుపంచెతో పెళ్లిలో ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. రంగనాథ్ ఇడ్లీ ముందు కూర్చుని, దాన్ని ముట్టుకోకుండానే లేచాడు.

పదకొండున్నరకు పెళ్లివారి వ్యాను ముగ్గురినీ విమానాశ్రయం దగ్గర దింపి వెళ్లిపోయింది. విశ్వేశ్వరరావు తాంబూలం జేబులో పెట్టుకుని గబగబా గేటు దగ్గరకు నడిచాడు. కాపలా అతను టికెట్లు అడిగాడు. వెయిటింగ్ లిస్టులో మొదటి పేర్లు మావేనని విశ్వేశ్వరరావు చెప్పాడు. ఏ విమానానికి అని అతను అడిగాడు. కర్నూలుకు అనగానే అతను ముగ్గురినీ ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, చాలా మర్యాదగా, కర్నూలుకు ఇక్కడినుంచి ఎప్పుడూ విమానం లేదు సార్, బస్సుంది అన్నాడు.

విశ్వేశ్వరరావు మెల్లగా వెనక్కి తిరిగాడు.

"సీట్లు లేవన్నావు కదయ్యా?"

"లేవు సార్. విమానమే లేదు."

"మన ముందు ఎవరూ లేరన్నావు?"

"మన వెనక కూడా లేరు సార్."

ఆ తర్వాత రంగనాథ్ ఆగలేదు. గీత సంగతి, తీసేసిన ముక్క సంగతి, ప్రింటరు పేరు చెప్పి రెండుసార్లు లోపలికొచ్చిన సంగతి, ఆ రెండు వేల మంది ఎవరో ఆ సంగతి, అన్నీ ఎండలో నిలబడి చెప్పేశాడు. తన ఉద్యోగం తీసేయమనీ, మిగతా పదముగ్గురి జోలికి వెళ్లొద్దనీ కూడా చెప్పాడు. విశ్వేశ్వరరావు మొహంలో రంగులు మారాయి. కర్నూలు పని చేజారిపోయిందని ఆయనకు అర్థమైపోయింది. తిట్టడానికి నోరు తెరిచి, పక్కనున్న తిమ్మప్ప వైపు భయంగా చూశాడు.

తిమ్మప్పకు కోపం వచ్చినట్టు లేదు. ఆకాశం వైపు ఒకసారి, గేటు వైపు ఒకసారి చూసి, చేతికర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు.

"విమానం లేదంటే, నా బస్సుల్లో జనమంతా యాడికి పోయినారప్పా?" అన్నాడు.

తిమ్మప్ప ఒక ఆటో పిలిచాడు. కారు తెప్పించమంటారా అని విశ్వేశ్వరరావు అడిగితే, వద్దు, బస్సుకే పోదాం అన్నాడు.

ఒంటిగంటకు బయల్దేరే తిమ్మప్ప బస్సు కడపలో సిద్ధంగా ఉంది. పక్కన పెద్ద అక్షరాలతో ‘నాన్‌స్టాప్, నాలుగు గంటలు’ అని రాసి ఉంది. డ్రైవరూ కండక్టరూ చేరి ఆరు నెలలే అయింది, యజమానిని చూడలేదు. డ్రైవరు వెనక అద్దం మీద దేవుళ్ల పక్కన ప్లాస్టిక్ దండ వేసిన తిమ్మప్ప ఫోటో ఉంది. నల్లటి మీసాలతో ముప్పై ఏళ్ల నాటిది. ఆ ఫోటో కిందే కూర్చున్నా ఎవరూ ఆయన్ని పోల్చలేదు.

నాన్‌స్టాప్ బస్సు మొదట పెట్రోలు బంకు దగ్గర ఆగింది. తర్వాత డ్రైవరు తోడల్లుడి ఇంటి దగ్గర ఆగింది. ఆ తర్వాత చెయ్యెత్తినవాళ్ల దగ్గరా, ఎత్తనివాళ్ల దగ్గరా ఆగింది. ఖాజీపేటలో ఒక కుట్టుమిషన్ ఎక్కింది. దాన్ని విశ్వేశ్వరరావు పక్క సీట్లో పెట్టి, గుంతల్లో రవ్వంత పట్టుకోమని చెప్పి కండక్టరు వెళ్లిపోయాడు. ఏసీ ఎందుకు వేయలేదని ఆయన అడిగితే, చలికాలం బాగా పనిచేస్తుందన్నాడు. పెళ్లికని తొడుక్కున్న లాల్చీతో ఆయన కుట్టుమిషన్‌ను కావలించుకుని కూర్చున్నాడు. రంగనాథ్ సాయం చేయబోతే చూపుతోనే ఆపేశాడు.

మైదుకూరులో చెన్నమ్మ అనే పెద్దావిడ అరటిగెలతో ఎక్కి తిమ్మప్ప పక్కన కూర్చుంది. ఈ బస్సుకు జనం ఎందుకు తగ్గిపోయారని ఆయన ఆమెను అడిగాడు.

"ఇంకో దోవ ఉండేటోళ్లంతా ఆ దోవన పోయినారు నాయనా. యా దోవ లేనోళ్లం మేం మిగిలినాం," అంది ఆవిడ. ఒకప్పుడు గడియారం చూసుకోవాల్సిన పని లేదని, తిమ్మప్ప బస్సు వస్తే రెండయినట్టేనని, ఇప్పుడు ఈ బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదని చెప్పింది. తర్వాత ఫోటో వైపు చేయి చూపించి నిట్టూర్చింది. "మారాజు ఆయప్ప ఉన్నన్నాళ్లూ బాగుండె. పోయినాక మేనల్లుని పాలైంది."

"పోయినాడా? ఎప్పుడు?" అన్నాడు తిమ్మప్ప.

"రెండేండ్లయింది. దండేసినారు, సూడలా?"

తిమ్మప్ప ఆ ఫోటో వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి సురేంద్రకు చేశాడు. ఈరోజు కడప విమానం దిగిందా అని మామూలుగానే అడిగాడు. ఫోన్లో సురేంద్ర గొంతు పక్క సీట్ల దాకా వినిపించింది. ఎయిర్‌పోర్టు కాడినుంచి ఇప్పుడే వస్తున్నాననీ, సమయానికి దిగిందనీ, ఈరోజు మామూలు కంటే ఎక్కువ జనం ఉన్నారనీ చెప్పాడు.

"దాంట్లో నేను గూడా రావాల. నేను దిగినానా?" అని అడిగాడు తిమ్మప్ప.

అవతల సురేంద్ర ఒకసారి దగ్గాడు.

"జనంలో సరిగ్గా కనపడలేదు మామా," అన్నాడు సురేంద్ర.

తిమ్మప్ప ఫోన్ పెట్టేశాడు. ఆళ్లగడ్డ దాటాక బస్సు ఒక హోటలు ముందు యాభై నిమిషాలు ఆగింది. అక్కడే ఎందుకు ఆగాలని రంగనాథ్ కండక్టరును అడిగితే, ఆ హోటలు సురేంద్ర బావమరిదిదని తెలిసింది. తిమ్మప్ప ఏమీ తినలేదు. చెట్టు కింద నిలబడి, తన బస్సులోంచి దిగిన ఇరవైమందిని ఒక్కొక్కరినీ చూస్తూ ఉండిపోయాడు. రంగనాథ్ ఆయన దగ్గరకెళ్లి క్షమించమని అడిగాడు. ఆయన తల ఊపాడు. ఆ ఊపు క్షమించినట్టో కాదో రంగనాథ్‌కు అంతుపట్టలేదు.

కర్నూలు చేరేసరికి ఏడూ ఇరవై. బస్సు ఆగిన చోటే మొగిలి కారుతో నిలబడి ఉన్నాడు. పది నుంచి రెండింటిదాకా విమానాశ్రయం బయట ఉంటే, ఏ విమానం కోసమని అక్కడివాళ్లు అడిగారట. రాని విమానం కోసమని చెప్పి, ఇక లాభం లేదనుకుని బస్సులు ఆగే చోటుకు వచ్చి కూర్చున్నాడట. అతను వచ్చి విశ్వేశ్వరరావు చేతుల్లోంచి కుట్టుమిషన్ అందుకున్నాడు. లాల్చీకి రెండు చోట్ల నల్లటి నూనె మరకలయ్యాయి.

తిమ్మప్ప దిగి, నిలబడి, మోకాళ్లు రుద్దుకున్నాడు. రంగనాథ్‌ను పిలిచి ఎంతసేపు పట్టిందని అడిగాడు.

"ఆరు గంటల ఇరవై నిమిషాలు సార్," అన్నాడు రంగనాథ్. ఇక ముక్కలు చేయడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు.

విశ్వేశ్వరరావు ముందుకొచ్చి, జరిగినదానికి సిగ్గుపడుతున్నాననీ, పని వేరేవాళ్లకు ఇచ్చుకున్నా తనకేమీ అభ్యంతరం లేదనీ చెప్పాడు. ఈసారి తిమ్మప్పే ఆయన వాక్యాన్ని పూర్తి కానివ్వలేదు. పని మీకే ఇస్తున్నానన్నాడు. అయితే టికెట్లు అమ్మే వెబ్‌సైటు తర్వాత సంగతి. ముందు ప్రతి బస్సూ ఎక్కడుంది, ఎక్కడ ఎంతసేపు ఆగింది, నిజంగా ఎంతసేపట్లో చేరింది, అదంతా జనానికీ తనకూ ఫోన్లో కనపడాలి. దాన్ని ఈ రంగనాథే రాయాలి.

"ఈ పిల్లోడు వారం పొద్దులు ఒక్క అబద్ధం గూడా ఆడకుండా మనిద్దర్నీ ఈడిదాకా తెచ్చినాడు. ఇట్లాటోడే నాకు కావాల. మావాడు దినామూ అబద్ధాలాడినా నన్ను బస్సు ఎక్కించలేకపోయె," అన్నాడు.

దసరాకు ఆ అంతస్తు ఖాళీ కాలేదు సరికదా, హాస్టల్ వాళ్లు వదిలేసిన పై అంతస్తులో సగం కూడా వీళ్లే తీసుకున్నారు. తిమ్మప్ప ఆపేసిన రెండు కొత్త బస్సులూ వచ్చాయి. హోటలు దగ్గర ఆగడం పదిహేను నిమిషాలకు తగ్గింది, కుట్టుమిషన్లు లారీ ఎక్కాయి, ఫోటోకు దండ తీసేశారు. సురేంద్ర ఇప్పుడు అదే లైనులో చెకింగ్ ఇన్‌స్పెక్టరు; రోజూ ఒక చివర నుంచి ఇంకో చివరకు బస్సులోనే వెళ్లి వస్తాడు. విశ్వేశ్వరరావు ఎదుటివాళ్ల వాక్యం అయిపోయేదాకా ఆగడం నేర్చుకుంటున్నాడు. ప్రింటరు గురించి మాట్లాడ్డానికి ఎవరైనా లోపలికొస్తే మాత్రం తలుపు వేసి కూర్చోబెట్టి అసలు సంగతి అడుగుతాడు.

మూడు నెలలకు కొత్త పేజీ తయారైంది. జనం చూడ్డానికి పెట్టే ముందు రోజు తిమ్మప్ప దాన్ని కర్నూలులో తెరిచి చూసుకున్నాడు. కడప నుంచి కర్నూలుకు నిజంగా పడుతున్న సమయం అయిదు గంటల అయిదు నిమిషాలు అని ఉంది. ఆయన చాలా సంతోషించాడు. పేజీ బ్రహ్మాండంగా ఉందని, అక్షరం కూడా మార్చొద్దని మెచ్చుకున్నాడు. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, అంతా నిజమే గాని నాయనా, అయిదు గంటలని పెడితే ఎవరెక్కుతారు, నాలుగున్నర అని పెట్టు అన్నాడు. రంగనాథ్ విశ్వేశ్వరరావును అడిగాడు. ఆయన ఈసారి వాక్యం మొత్తం విని, తిమ్మప్పగారు చెప్పినట్టే చేయమన్నాడు.

రంగనాథ్ కాసేపు కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చుని, నాలుగున్నర అని కొట్టాడు. అతను ముప్పై ఏళ్లలో ఆడిన మొదటి అబద్ధం అది. దాని మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు.